దోణిమలై ఎత్తులో విరిగిన క్రాంకు

దోణిమలై దగ్గర మేం లారీ దిగేసరికి ఉదయం తొమ్మిది. ఏప్రిల్ నెల. అప్పటికే ఎండ మాడుస్తోంది. ఖనిజం లారీ పోయిన ప్రతిసారీ లేచిన ఎర్రదుమ్ము గుడారాల మీద, కంచాల్లో, పళ్ళ సందుల్లో పేరుకునేది.

నేను సైన్యంలో వాహనాల మెకానిక్‌ని. పుట్టింది బళ్ళారి బ్రూస్‌పేటలో. ఇంటికి అంత దగ్గరగా డ్యూటీ పడటం ఆ ఒక్కసారే.

మా వెంట మూడు కొత్త జీపులు వచ్చాయి. వాటి ఇంజన్లకు సూపర్‌చార్జర్లు బిగించారు. ఇంజను ముందున్న పుల్లీ నుంచి బెల్టుతో తిరిగే యంత్రమది. గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి పెరిగితే బలం పెరుగుతుంది. ఎండలో, దుమ్ములో, బరువుతో ఎంతకాలం నిలుస్తాయో చూడమని ఆర్డరు. వెనక ఇసుక మూటలు. ఆరింటికి బయలుదేరాలి, ఎండ ముదిరేదాకా కొండ ఎక్కి దిగాలి.

మొదటి జీపు డ్రైవరుది రాయదుర్గం వైపు. భార్యకు నెలలు నిండాయని సెలవడిగాడు. పరీక్షలు ముగిసేదాకా కుదరదన్నారు. మర్నాడే అతని జీపు ఎత్తు మధ్యలో ఆగిపోయింది. ఇంజను లోపల తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్టు, రెండు ముక్కలు.

"ఏం చేసినావురా దాన్ని?" అన్నాడు సుబేదార్. ఆయనది గుంతకల్లు.

"నేనేం చేయలే సాబ్. మూడో గేర్లో మెల్లగ వస్తాండా. టక్ మనింది, నిలబడిపాయ."

ఆయిలు నిండుగానే ఉంది. ఇంజను వేడెక్కిన గుర్తులూ లేవు. సుబేదార్ నన్ను పక్కకు పిలిచాడు. "సెలవియ్యలేదని కావాలనే విరగ్గొట్టినాడు. రెండో బండి వానికే ఇస్తాం. నువ్వు పక్కన కూచో. కాలు మీద కన్నెయ్యి."

నాకూ అదే అనుమానం. బయలుదేరే ముందు ఆయిలు వేళ్ళ మధ్య రుద్ది చూసేవాణ్ణి, ఇసుక తగులుతుందేమోనని. అతను నీళ్ళకు పోతే వెనకే పోయేవాణ్ణి. బండిలో ఆక్సిలరేటర్ మీదున్న అతని కుడికాలు, ఇంజను వేగం చూపే ముల్లు, ఈ రెంటి మీదే నా చూపు. ముల్లు ఒక్కసారీ హద్దు దాటలేదు. నేనున్నానని జాగ్రత్తపడుతున్నాడనుకున్నాను.

మూడో రోజు మలుపు దగ్గర ఇంజను ముందువైపు దెబ్బ వినిపించింది. ఇంజను ఆగిపోవడంతో స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు రాయిలా గట్టిపడింది. జీపు వెనక్కి జారడం మొదలైంది. వెనక ఖనిజం లారీ ఎక్కుతోంది.

"గట్టిగ పట్టుకోప్పా!" అని డ్రైవరు అరిచి, హ్యాండుబ్రేకు లాగి, ఒళ్ళంతా స్టీరింగు మీద వేసి తిప్పాడు. జీపు వెనకభాగం కొండగోడకు గుద్దుకుని ఆగింది. లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయింది.

రేడియోలో క్యాంపు నుంచి ఆపరేటరు అడిగాడు. "ఏమైంది? ఓవర్."

"క్రాంకు విరిగినట్టుంది. మనుషులం బాగున్నాం. ఓవర్."

"డ్రైవరు ఏం చేసినాడని సాబ్ అడుగుతాండాడు. ఓవర్."

"బతికించినాడని చెప్పు. ఓవర్."

రెండు ఇంజన్లూ విప్పాను. ఒకే చోట విరిగాయి, బెల్టు లాగే ముందువైపున. విరిగిన ముఖంలో ఎక్కువ భాగం నల్లగా, అలల్లాంటి గీతలతో ఉంది. కొసన కొంతే తళతళలాడుతోంది. అంటే పగులు ఒక్కరోజుది కాదు, తోలేకొద్దీ లోపల మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఆ రోజు తెగింది మిగిలిన కాస్తే. షాఫ్టు మందం మారేచోట మూల గుండ్రంగా ఉండాలి. తయారీలోనే దాన్ని కత్తితో కోసినట్టు పదునుగా వదిలేశారు.

సుబేదార్ నమ్మలేదు. "రెండూ వాడు తోలినవే కదప్పా."

మూడో జీపు తోలింది వేరే డ్రైవరు, ఇతను ముట్టుకోలేదు. దాన్ని విప్పడానికి పరీక్షలు చూస్తున్న కెప్టెన్ ఒప్పుకున్నాడు. క్రాంకు కడిగి, కిరోసిన్ పూసి, కాసేపుంచి, శుభ్రంగా తుడిచాను. సుద్దపొడి చల్లాను. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరుతుంది. చూస్తుండగానే తెల్లటి పొడిలో, అదే మూలన, వెంట్రుక లాంటి తడిగీత లేచింది.

కెప్టెన్ అక్కడే పరీక్షలు ఆపించాడు. డ్రైవరుకు సెలవిచ్చాడు. సుబేదార్ మాత్రం, "సుమ్నే, ఊరికే అడిగితిమి లేప్పా, మనసులో పెట్టుకోవద్దు," అని తేల్చేశాడు. డ్రైవరు తలూపాడు. ఆ పూట మాతో కలిసి తినలేదు.

మేం వెనుదిరిగిన రోజు అతన్ని బళ్ళారి స్టేషన్లో దింపే పని నాకు పడింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద సంచి పెట్టి, తాడు విప్పాడు. ఒక్కొక్కటే తీసి పరిచాడు. మడతపెట్టిన బట్టలు. గడ్డం గీసుకునే డబ్బా. సబ్బు. పసిబిడ్డకు కొన్న చిన్న గౌను.

"చూడప్పా. బాగ చూడు."

"నేనడగలేదు కదప్పా."

"అడగలే. చూస్తానే ఉంటివి."

ఉద్యోగం వదిలి ఏళ్ళయింది. బ్రూస్‌పేటలో నన్ను అందరూ సరిహద్దుల గురించే అడుగుతారు. నాకు గుర్తొచ్చేది ఆ బెంచీ. అతను ఆ చిన్న గౌనును కూడా తిరగేసి, లోపల ఏమీ లేదని, నా ముందు దులిపి చూపించాడు.