పూజ చేసిన బాయిలరు

ఎనభైల్లో మాట. ఆదోనిలో ఒక నూనె మిల్లు బాయిలరు పగిలితే వెల్డింగు చేయించారు. ఆ అతుకు లోపల గట్టిగా ఉందో లేదో అల్ట్రాసోనిక్ యంత్రంతో చూసి చెప్పమని నన్ను పిలిచారు. మాది ఎమ్మిగనూరే. పక్క ఊరివాడు, మొహమాటపడతాడులే అనుకున్నారేమో!

చెవికి వినపడని శబ్దాన్ని ఇనుములోకి పంపుతాం. లోపల పగులుంటే అది తగిలి వెనక్కొస్తుంది, తెర మీద గీత నిక్కుతుంది. మందపాటి రంగు మీద మాత్రం ఈ విద్య పనికిరాదు. వీళ్లేమో ఆయుధపూజకని అతుకు మీద వెండిరంగు దట్టంగా కొట్టి, పసుపు మెత్తి, బంతిపూల దండ వేశారు. రంగు గీకాలన్నాను.

మేనేజరు అడ్డం నిలబడ్డాడు. "పూజ చేసిన బాయిలరప్పా! గీకితే అరిష్టం. పైపైన సూసి పో."

ఒళ్లు మండింది. దొంగ పనికి దేవుణ్ణి కాపలా పెడతాడా! పేలితే ముందు పోయేది ఫైర్‌మన్. పొద్దంతా బాయిలరు ముందే నిలబడి వేరుశనగ పొట్టు ఎగదోసే ముసల్మాను అతను. మా మాటలు విని ముందుకొచ్చాడు.

"దండ నేను పట్టుకుంటా, మీరు గీకండి సార్."

గీకాను. శబ్దం ఇనుములోకి దిగాలంటే మధ్యలో నూనె ఉండాలి. మిల్లులో నూనెకేం కొదవ, అదే పూసి యంత్రం ప్రోబు ఆనించాను. గీత నిక్కింది. ఎన్నిసార్లు జరిపి చూసినా నిక్కింది. పాత పగులు లోపల అలాగే ఉంది. కోసి మళ్లీ అతికేదాకా నిప్పు పెట్టొద్దన్నాను.

"బయటికేమన్నా కనపడ్తాందా? గీత లేసిందని సీజన్లో మిల్లు ఆపల్లా?" అన్నాడు మేనేజరు.

"ఆపకపోతే మనిషి చస్తాడు!" అని అరిచాను.

ఫైర్‌మన్ దండను మెల్లగా కింద పెట్టాడు. "నేను ఇంగ రాను సార్" అని మేనేజరుతో చెప్పి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రాత్రి ఆదోనిలోనే ఉండి, మర్నాడు బస్టాండుకు పోతుంటే ఆ మిల్లు గొట్టంలోంచి పొగ! లోపలికి పరుగెత్తాను. నేను గీకిన చోట మళ్లీ వెండిరంగు. బాయిలరు ముందు ఎవరో కొత్తవాడు పొట్టు దోస్తున్నాడు. హాలహర్వి నుంచి ఆ పొద్దే పనికొచ్చానన్నాడు. లోపల పగులుంది, బయటికి రమ్మని గొంతు చించుకున్నాను.

అతను ఆఫీసు గది వైపు బెదురుగా చూశాడు.

"మెల్లగా మాట్లాడండి సార్. మేనేజరు ఇంటే నన్ను పంపిచ్చేస్తాడు."