పొదిలికి మోసిన రాగం

ముందే చెప్పేస్తాను. ఈ వ్యవహారంలో తెలివితక్కువవాణ్ణి నేనే. నాకు తెలిసిన తాళం ఒక్కటే, ట్రంకుపెట్టెకి వేసేది. అలాంటివాడికి ఒక మనిషి తన రాగాన్ని అప్పజెప్పాడు. సరేనన్నాను.

ఎనభైల మధ్యలో, అక్టోబరు నెలలో, సియాచిన్ వైపు ఒక పోస్టుకి చేరాను. ఎత్తు పద్దెనిమిది వేల అడుగుల పైమాటే. నడుములకు తాడు కట్టుకుని వరసలో ఎక్కాం. భుజాన రైఫిలు, వీపున కిరసనాయిలు డబ్బా. నేను గుంటూరు మిరపచేలలో పెరిగినవాణ్ణి. నాకున్న శిక్షణంతా మే నెల ఎండలో.

పైన ఫైబర్ గుడిసె. ఐదుగురం. మధ్యలో స్టవ్వు, అందరి ముక్కుల నిండా మసి. లోపలికి దూరుతూ "అమ్మో" అన్నాను. మూలనున్న వైర్‌లెస్ ఆపరేటర్ తల తిప్పాడు.

"అమ్మో అన్నావంటే మనోడివే. ఏ ఊరన్నా?"

"గుంటూరు పక్క."

"మాది పొదిలి. మీ కాయలు కోసేది మా ఆడోళ్లే. మా అమ్మ ఏటా ముఠాతో మీ వైపే వస్తుంది."

గడ్డకట్టకుండా సెట్టు బ్యాటరీలను కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకునేవాడు. మిగతా వేళల్లో చర్చి పాటలు కట్టేవాడు. వాళ్ల పల్లెలో పెళ్లి దగ్గరా, సమాధి దగ్గరా పాడేవి అతని పాటలే. మా ఊళ్లోనూ చర్చి ఉంది. దాని గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అది కాలవకి అవతల ఉండేది, అంతే.

పల్లెలో పాకచర్చి తీసేసి స్లాబు వేస్తున్నారు. ప్రతిష్ఠనాడు వాళ్లమ్మ పాడటానికి కొత్త పాట కట్టాడు.

"మాటలు ఉత్తరంలో పోతాయి. రాగం పోదుగా. ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుని పోవాలి. సెలవు నీకే ముందు. నువ్వు తీసుకుపో."

"నా గొంతు విన్నావా?"

"విన్నా. గేదె కూడా దూడని పిలుస్తుంది కదన్నా. పిలుపు అందితే చాలు."

పాట మొదలు ఇది: ఎండిన చేనికి మంచువై దిగిరా తండ్రీ.

"ఇక్కడున్నది చాలదా? ఇంకా రమ్మంటున్నావు."

"అది మా కందిచేల మీద కురిసే మంచన్నా. ఈ తెల్లదెయ్యం కాదు."

మధ్యాహ్నం కాపలా మారాక నేర్పేవాడు. డిసెంబరులో మంచు తుపాను పట్టుకుంది. ఆ రోజుల్లోనే పాట మొదటినుంచి చివరిదాకా నాకు అప్పజెప్పాడు. 'మంచువై' దగ్గర ఆగాడు. వేలెత్తాడు. చాలాసేపటికి 'దిగిరా' అన్నాడు. చరణాల్లోనూ అంతే, నడి వాక్యంలో ఆగడం, వేలెత్తడం. అది తాళం లెక్క అనుకున్నాను. ఆగినచోటల్లా నా మోకాలి మీద దెబ్బ వేస్తూ, ఒక్క ఖాళీ కూడా వదలకుండా నేర్చుకున్నాను.

"చాలా కష్టమైన తాళంరా," అన్నాను.

నవ్వాడు. "గుండె మీద బరువుగా ఉందన్నా."

"అమ్మ గుర్తొచ్చిందిలే."

తెల్లారి దగ్గితే ఎర్రటి నురగ పడింది. నర్సింగ్ అసిస్టెంట్ అతని వీపుకి చెవి ఆనించి విన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ పెట్టాం. సెట్టు దగ్గర సుబేదార్ సాబ్ కూర్చున్నాడు.

"పేషెంటు ఉన్నాడు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"గాలి తగ్గలేదు. ఆగండి. ఓవర్."

గాలి తగ్గలేదు. మర్నాడు మధ్యాహ్నం అతను పోయాడు. కోటులోంచి బ్యాటరీలు తీసింది నేనే. ఇంకా వెచ్చగా ఉన్నాయి. నేను నేర్చుకున్నది తాళం కాదు, అతనికి అందని ఊపిరి.

"నువ్వు ముందే చెప్పినా ఈ గాలిలో ఎవడొస్తాడు?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. హిందీలో అన్నాడు. నేను ఇప్పటికీ తెలుగులో చెప్పుకుంటుంటాను.

ఫిబ్రవరిలో దిగాను. పొదిలి బస్సెక్కి వాళ్ల పల్లెకి వెళ్లాను. స్లాబు పడింది, తలుపులు మూసి ఉన్నాయి. అరుగు మీది ముసలాయన చెప్పాడు: "అందరూ కోతలకు పోయారయ్యా, గుంటూరు వైపు." వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాను. మా ఊరి పొలిమేరలోనే దొరికింది వాళ్లమ్మ, తలకి గుడ్డ చుట్టుకుని, మిరపసాలులో వంగి. మిలటరీ కటింగు చూసి నడుమెత్తింది.

గట్టు మీద నిలబడి పాడాను. ముఠాలో ఒక్కరూ నవ్వలేదు. నా గొంతుకి నవ్వకపోవడం అంటే ఎంత దుఃఖమో నాకు తెలుసు.

"ఇక్కడెందుకు ఆగావు నాయనా?"

"ఆయనే ఆగాడమ్మా."

"వాడా? వాడు కడవతో నీళ్లు కుమ్మరించినట్టు పాడతాడు. వాడు ఆగడు."

తాళం అనేస్తే సరిపోయేది. అనలేకపోయాను. ఉన్నదంతా చెప్పాను. ఆమె కాసేపు కాయలు కోసింది. తర్వాత ముఠా వైపు తిరిగి, "వాడు ఆగినకాడ మనమూ ఆగుదాం," అంది.

పాడారు. ఖాళీ వచ్చినప్పుడల్లా చేతులు కూడా ఆగాయి.

"పాట ఆగితే ఆగింది, చేతులెందుకు ఆపుతారమ్మా?" అని మేస్త్రీ గొణిగాడు.

ప్రతిష్ఠనాడు అలాగే పాడారట. తర్వాత చుట్టుపక్కల చర్చిలన్నీ అలాగే పట్టుకున్నాయి.

నేను సైన్యం నుంచి వచ్చేశాక, గుంటూరులో కాసెట్లు చేసే కీబోర్డు ఆయన ఒకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. మర్యాదస్తుడు. పాట అంతా విన్నారు.

"బ్రదర్, మధ్యలో గ్యాపులొస్తున్నాయి. టేపు పాడైందనుకుంటారు జనం."

"అవి ఉండాలండి." కారణం చెప్పాను.

"ఫీలింగ్ అర్థమైంది బ్రదర్. ఫీలింగ్ పోకుండా నింపుతాను."

నింపారు. 'మంచువై' అనగానే గజ్జెల్లాంటి చప్పుడు. బస్టాండులో టీకొట్టు దగ్గర మొదటిసారి విన్నాను. టీ చల్లారిపోయింది. ఆ కాసెట్టు పెడితే వాళ్లమ్మ చర్చిలోంచి లేచి వెళ్లిపోతోందని తెలిసి పొదిలి వెళ్లాను.

"నా బిడ్డ ఆగినకాడ ఎవరో గెంతుతున్నట్టుంది నాయనా," అంది.

ఆ వేసవిలో పొదిలిలో పెద్ద సభలు. వేదిక మీద ఆయన, కీబోర్డు. సైనిక మిత్రుణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు.

"నాలుగు మాటలు చెప్పండి బ్రదర్. తర్వాత నేను అందుకుంటాను."

మైకు దగ్గరికి వెళ్లాను. నాలుగు మాటలే మొదలుపెట్టాను. ఎండిన, చేనికి, మంచువై... నాలుగోది చెప్పకుండా ఆగాను. ఆయన వేళ్లు అలవాటుగా రెండు గజ్జెలు మోగించాయి. పందిరి కింద ఒక్క ఆడమనిషి కూడా అందుకోలేదు. ముందు చాప మీద వాళ్లమ్మ కదలకుండా కూర్చుంది. ఆయన చేతులెత్తేశారు. కిందికి దించాలో వద్దో తెలియక కీబోర్డు మీద గాల్లో నిలిచిపోయిన ఆ పది వేళ్లు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అతనికి ఊపిరి అందేంతసేపు ఆగాను. ఆ తర్వాత, నేనేమంత మంచివాణ్ణి కాదు, ఇంకాస్త ఆగాను.