చిన్నమ్మలు కన్న తెల్ల పిల్ల

తలుపులమ్మ తమ్ముడి కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది. పొలం బయటికి పోకూడదు, ఎదురు చెప్పే పిల్ల ఇంట్లోకి రాకూడదు. రెండిటికీ తమ్ముడి ఇల్లే అనువు. అలా చిన్నమ్మలు కశింకోట అవతలి చెరకు ఊళ్ళో మేనత్త గడప తొక్కింది. పైడిరాజుని పెళ్ళికి ముందు బావ అనేది, తరవాతా బావ అనే పిలిచింది.

మొదటి కాన్పులో ఇందు పుట్టింది. జుట్టు తెలుపు, రెప్పల వెంట్రుకలు తెలుపు, ఒళ్ళు పాలిపోయిన గులాబీ రంగు. వెలుతురు పడితే కనుగుడ్లు అటూ ఇటూ అల్లాడేవి. తలుపులమ్మ పొత్తిళ్ళు విప్పి చూసి మళ్ళీ కప్పేసింది.

"ఎవుడిదే ఇది?"

"అదేటత్తా, బావదే."

"మావోడు నలుపు, నువ్వు నలుపు. ఈ సున్నపు బొమ్మ ఎక్కడ్నించొచ్చిందే? మా రక్తంలో ఇలాటిది నేదు."

చిన్నమ్మలుది కూడా అదే రక్తమని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. పైడిరాజు గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ఊరు ఆ పిల్లకి తండ్రిని వెతికి పెట్టింది. రోడ్డు పనికి ఉత్తరాది నుంచి వచ్చిన ఇంజినీరు ఒకడు కాస్త ఎర్రగా ఉండేవాడు. చిన్నమ్మలు మొహం అతనెన్నడూ చూసి ఉండడు. ఊరికి అతని రంగు చాలు.

ఆ ఏడే అదే ఊళ్ళో ఎర్రయ్య గేదె తెల్ల దూడని ఈనింది. షేర్ ఆటోలెక్కి జనం దిగారు. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. తలుపులమ్మ కొబ్బరికాయ కొట్టి దూడ కాళ్ళకి దణ్ణం పెట్టుకుంది. "ఎవుడిదే ఇది" అని ఆ గేదెని ఎవరూ అడగలేదు.

ఇందుకి నడక రాకముందే తల్లీ పిల్లా వీధిన పడ్డారు. కన్నతండ్రి వాకిట్లోనే ఆపేశాడు. "అక్క మాట కాదని నిన్నెలా ఎట్టుకోనే?" అన్నాడు. చిన్నమ్మలు అనకాపల్లిలో ఒక రేకుల గది అద్దెకి తీసుకుని, బెల్లం మార్కెట్లో పనికి కుదిరింది. దిమ్మలు మోస్తుంది, ఊడుస్తుంది. అక్కడ బెల్లం ఎంత తెల్లగా ఉంటే అంత రేటు. ఆ తెలుపు కోసం చెరకు రసం కాగే పెనంలో మందు కలిపేవాళ్ళే ఇందుని చూసి మొహం తిప్పుకునేవారు. కుర్రాళ్ళు "ఒరే, దొరసాని వచ్చింది, లేచి నిలబడండ్రా" అని ఈలలేసేవారు.

చిన్నమ్మలుకి మిగిలిన కోరిక ఒకటే. ఇందు పైడిరాజు బిడ్డేనని ఆ ఇంటి నోటితో అనిపించాలి, పిల్లని ఆ గడప దాటించాలి.

ఇందుకి ఎనిమిదో ఏడు. ఎండకి భుజాలు బొబ్బలెక్కితే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్లని నీడలో కూర్చోబెట్టి అడిగింది.

"మీది మేనరికమా?"

"అవునమ్మా."

"ఒంటికి రంగు తయారు చేసే జన్యువులు మనలో జతలుగా ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి పాడైనా రెండోది పని చేస్తుంది, మనిషికి తేడా తెలీదు. రెండూ పాడైతే రంగు తయారవదు. ఆకుమడిలో ఎప్పుడైనా తెల్ల మొలక చూశావా? అదీ ఇలాంటిదే. పచ్చదనం లేదు కాబట్టి అది చచ్చిపోతుంది. నీ పిల్ల బతుకుతుంది, ఎండ తగలనివ్వకు."

"అయితే ఆయన్నించి కూడా వచ్చినట్టేనా?"

"ఇద్దరి నుంచీ రాకపోతే ఇలా పుట్టదమ్మా. మీ ఇద్దరికీ ఒకే తాతనుంచో అవ్వనుంచో వచ్చుంటుంది."

చిన్నమ్మలు ఆస్పత్రి నుంచి నేరుగా అత్తారింటికి వెళ్ళింది. పైడిరాజు తల్లి పక్కనే ఉన్నాడు, అరుగు మీద నలుగురున్నారు. అంతా విడమర్చి చెప్పింది. తలుపులమ్మ చివరిదాకా విని, తాపీగా అడిగింది.

"అంటే మీరిద్దరూ కలిత్తే ఇలాటివే పుడతాయన్నమాట."

"అన్నీ కాదత్తా, ఒక్కోసారి..."

"ఆడికి బయటింటి గుంటనిచ్చి పెళ్ళి సేత్తే?"

అబద్ధం ఆడదామన్నా చిన్నమ్మలుకి నోరు రాలేదు. "పుట్టవంట, శానామట్టుకు."

"సరేలే, నువ్వు రంకుకి పోనేదు, ఒప్పేసుకున్నాం. ఇంక బావనొగ్గెయ్."

అరుగు మీదివాళ్ళు ఔనంటే ఔనన్నారు. ఆమె నిర్దోషి అని చెప్పిన మాటే ఆమెకి గెంటింపు తీర్పయింది. విడాకులూ లేవు, కోర్టూ లేదు. చట్టం ఆ సందులోకి ఎప్పుడూ వచ్చింది కాదు.

పాయకరావుపేట నుంచి కొత్త పెళ్ళాం వచ్చింది. నల్లటి జుట్టుతో కొడుకు పుట్టాడు. "సూసేరా? లోపం ఆ చిన్నమ్మలుదే" అంది ఊరు. పైడిరాజులో పాడైన జన్యువు ఎక్కడికీ పోలేదు. రెండో భార్య ఇచ్చిన మంచి జన్యువు పిల్లాడికి రంగు తెచ్చింది, అంతే. తండ్రి లోపం ఆ పిల్లాడిలోనూ దాగి ఉండొచ్చు. అది ఎవరికి చెప్పాలి?

పిల్లాడి ఊయల ఫంక్షన్ నాడు తమ్ముణ్ణి చూస్తానని ఇందు ఏడిచింది. చిన్నమ్మలు మనసు చంపుకుని తీసుకెళ్ళింది.

"పందిట్లోకి తేకే, దాని నీడ ఆడి మీద పడుద్ది" అంది తలుపులమ్మ. మిట్టమధ్యాహ్నం. పిల్ల బయట ఎండలో నిలబడి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని ఊయల వైపు చూసింది.

లోపల తలుపులమ్మ తన కూతురి పసిపిల్లని మనవడి పక్కన పడుకోబెట్టి నవ్వుతోంది. "ఇదుగోరా నీ పెళ్ళాం! పొలం బయటికెల్లే పనే నేదు."

"ఒద్దత్తా!" చిన్నమ్మలు బయటి నుంచే అరిచింది. "ఆ ఇద్దరిదీ మన రక్తమే. మళ్ళీ ఇలాగే..."

"మన రక్తమా? నువ్వు మాకేటవుతావే?"

పందిరంతా గొల్లున నవ్వింది. పైడిరాజు ఒక ఆకులో నాలుగు బూరెలు పట్టుకుని బయటికొచ్చాడు. ఇందు బుగ్గలు అప్పటికే కందిపోయాయి. "నాన్నా" అంది.

పైడిరాజు ఆకు చిన్నమ్మలు చేతిలో పెట్టాడు. పిల్ల వైపు చూడలేదు.

"పిల్లని ఎండలో నిలబెట్టకు. ఎల్లిపొండి" అన్నాడు.