మా బావకు నచ్చని కార్లు

కారు కొనడమంటే షోరూముకు వెళ్ళి, నచ్చింది చూసుకుని, ఇంటికి తెచ్చుకోవడమే అనుకునేదాన్ని. నా పిచ్చి గానీ! మా బావను వెంటబెట్టుకుని కార్లు చూడడం మొదలుపెట్టాక నా తల ప్రాణం తోకకొచ్చింది.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు. పెళ్ళయి పిల్లలు పెద్దవాళ్ళయినా నా నోట ఆ పిలుపు మారలేదు. మేముండేది తిరుత్తణిలో. నేను రోజూ రైల్లో తిరువళ్ళూరు ఆఫీసుకు వెళ్తాను. ఆయన కే.జీ.కండిగై దగ్గరున్న మా పొలానికి వెళ్తాడు. చెరకు, కాస్త వేరుశనగ, ఒక బోరు. ఆ పొలం మొహం చూడని రోజు ఆయనకు అన్నం సహించదు. పోయిన చలికాలంలో మోటారుసైకిలు మీంచి పడ్డాడు. కుక్క అడ్డమొచ్చిందన్నాడు. దెబ్బ పెద్దదేం కాదు, కానీ ఆ తర్వాత బండి ముట్టుకోలేదు. బస్సు దిగితే పొలం దాకా ఎండలో నడవాలి, ఆటోవాళ్ళు ఆ మట్టి దారిలోకి రామంటారు. ఊళ్ళో ఉండే పెద్దబావ, అంటే ఆయన అన్న, ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"రోజూ వచ్చేదానికి నీకు కాకపోతే చెప్పబ్బా. ఈ కోత కాంగానే కౌలుకిచ్చేద్దాం. నీ మడి గూడా చూసేదానికి నా వల్ల కాదు."

మా బావ ఆ రోజు ఏమీ తినలేదు. పొలం ఇంకొకరి చేతికిస్తే ఈ మనిషి ఇంట్లో కూర్చుని కుళ్ళిపోతాడని నాకు తెలుసు. అందుకే నేనే అన్నాను, చిన్న కారొకటి కొందామని. కోత లోపల కారు రావాలి, లేకపోతే పొలం పోతుంది. ఇంతే సంగతి.

మొదట చూసిన కారు తిరువళ్ళూరులో. బావ షోరూములోకి అడుగుపెట్టీ పెట్టగానే దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు, సంతలో ఎద్దులను చూసినట్టు. టైరును కాలితో తన్నాడు. తలుపు మీద మెటికతో కొట్టి చెవిపెట్టి విన్నాడు. "బిస్కెట్టు డబ్బా" అన్నాడు. షోరూము అమ్మాయి నవ్వు చెదరనీయకుండా మైలేజీ గురించీ ఎయిర్‌బ్యాగుల గురించీ చెప్పుకుపోతోంది. నాకైతే బాగానే నచ్చింది. చీర కట్టుకుని ఎక్కి దిగడానికి సీటు సరైన ఎత్తులో ఉంది. మా సందు లాంటి సందులో కూడా ఇట్టే తిరుగుతుంది. ఏసీ వేసిన కాసేపటికే చల్లబడింది. ఇంతకన్నా ఏం కావాలి? బావ మణవాళనగర్ దాకా నడిపి, వెనక్కి వచ్చి దిగాడు.

"అద్దం తేటగా లేదు మే. మంచు పట్టినట్టుండాది" అన్నాడు నాతో.

ఆ అమ్మాయి గుడ్డ తెచ్చి లోపలా బయటా తుడిచింది. ఆయన మళ్ళీ కూర్చుని చూశాడు. మళ్ళీ అదే మాట. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ, మంచేమిటి మహానుభావా! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంకో కారును వాళ్ళే మా ఇంటికి పంపించారు, ఇంటి దగ్గరే నడిపి చూసుకోమని. ఆ సంగతి తెలిసి పెద్దబావ పొద్దున్నే ఊరి నుంచి దిగాడు. ఒట్టి చేతులతో కాదు, వేరుశనగ కాయల మూటలతో. మా వాళ్ళకు అదొక పద్ధతి. బండి కొనాలంటే బరువు వేసి చూడాల్సిందే. ఎద్దుల బండి కాలం నుంచీ వస్తున్న మర్యాద, కారుకైనా తప్పదు.

"మనుసులు కూర్చునేదానికేనా కారు? రేపు కాయలు యాడ వేస్తావు?" అంటూ ఆయనే మూటలు ఎత్తి డిక్కీలో కుక్కాడు. పట్టనివి వెనక సీట్లో వేశాడు. కొత్త సీటంతా ఎర్రమట్టి. కారుతో వచ్చిన షోరూము మనిషి నెత్తి పట్టుకుని, "అయ్యయ్యో, ఎన్న సార్ ఇదు!" అని అరవంలో గోల పెట్టాడు. ఎవరు వింటారు? కారు వెనక భాగం కిందికి కుంగిపోయింది. బావ నడుపుతుంటే వీధి చివర స్పీడు బ్రేకరు మీద కర్రుమని గీసుకుంది.

బావ దిగి వచ్చి, "ముందర పైకి లేసింది. రోడ్డే సరిగ్గా కనపడల్యా" అన్నాడు.

"నేను చెప్పలే?" అన్నాడు పెద్దబావ, ఏదో గెలిచినట్టు.

అన్ని మూటలు వేస్తే లారీ కూడా మూతి పైకెత్తుతుందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అన్నదమ్ములిద్దరూ నవ్వారు. సీట్లలో ఇరుక్కున్న కాయలు మాత్రం నేనే ఏరాను.

ఆ తర్వాత కోడిగుడ్డుకు ఈకలు పీకడమే పనయిపోయింది. ఒక కారుకు పక్క అద్దం చిన్నదట. ఇంకోదానికి లైట్లు మసకట. మరోదానికి ముందు అద్దం పక్కనుండే స్తంభం మరీ లావట, ఎడమ పక్కంతా మూసేస్తోందట. నేను ఆఫీసుకు సెలవులు పెట్టి పెట్టి అలిసిపోయాను. రైల్లో రోజూ నాతో వచ్చే ఆడవాళ్ళు "కారొచ్చిందా?" అని అడిగి ముసిముసిగా నవ్వుకోవడం మొదలుపెట్టారు. చెరకు మీద అప్పటికే కత్తి పడే రోజులొచ్చాయి. కౌలుకు చేసే మనిషిని పెద్దబావ పొలానికి తీసుకొచ్చి చూపించాడని కూడా తెలిసింది. అయినా ఈ మనిషికి చలనం లేదు!

"ఇదే ఆఖరు బావా. ఇది నచ్చకపోతే పొలం మరిచిపో. మూటలు గీటలు వేస్తే నేను రాను" అని గట్టిగా చెప్పి ఇంకో కారు పిలిపించాను. దాంతో వచ్చిన షోరూము అమ్మాయి వెనక కూర్చుంది, నేను ముందు కూర్చున్నాను, బావ నడుపుతున్నాడు. కే.జీ.కండిగై దారి పట్టాం. ఎదురుగా వచ్చే బస్సుకు చక్కగా దారిచ్చాడు, గేర్లు వెన్నలా పడుతున్నాయి. హమ్మయ్య, గట్టెక్కామనుకున్నాను.

ఎడమ పక్క ఒకామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. రోడ్డు దాటడానికి ఇటు తిరిగింది. బావ వేగం తగ్గించలేదు. ఇంకా తగ్గించలేదు.

"బావా!" అని కేక పెట్టాను. ఆయన బ్రేకు తొక్కాడు. గడ్డిమోపు కింద పడింది. దేవుడి దయ, ఆమెకేం కాలేదు.

"కండ్లు యాడ పెట్టుకోనుండావు సామీ?" అని ఆమె తిట్టింది, న్యాయమే. షోరూము అమ్మాయి దిగి మోపు ఎత్తి ఆమె తల మీద పెట్టింది.

"ఈ స్తంభం అడ్డమొచ్చింది మే" అన్నాడు బావ. ఎటో చూస్తూ.

ఇక నా వల్ల కాలేదు. "దిగు! ఏమడ్డమొచ్చిందో నేనూ చూస్తా" అని ఆయన్ని దించి ఆ సీట్లో నేను కూర్చున్నాను. ఆమె నిలబడిన చోట ఆయన్ని నిలబెట్టాను. నిలువెత్తు మనిషి, చొక్కా గుండీలతో సహా కనిపిస్తున్నాడు. దొరికావులే అనుకుని, మళ్ళీ ఆయన్ని కూర్చోబెట్టి, ఎడమ పక్క అద్దం దగ్గర నుంచి నేను ముందుకు నడిచాను.

"ఇప్పుడు కనపడతానా?"

"ల్యా."

ఇంకా ముందుకు వచ్చి చెయ్యి ఊపాను. "ఇప్పుడు?"

"ల్యా మే."

దాదాపు ఎదురుగా వచ్చాక గానీ ఆయన కళ్ళు నా వైపు తిరగలేదు. అక్కడే ఆగిపోయాను. అప్పటిదాకా నాలుక చివరనున్న తిట్లన్నీ ఏమయ్యాయో తెలియదు. ఆయన స్టీరింగు వదల్లేదు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఎప్పటి నుంచి?"

"బండి మింద నుంచి పడినాను గదా, అప్పుడే డాక్టరు దగ్గరికి పోయినా. పక్క చూపు పోయిందంట. పోయింది మళ్ళీ రాదంట. మా అన్నకు తెలిస్తే ఆ పొద్దే మడి ఇచ్చేస్తాడని చెప్పల్యా."

"మరి ఇన్ని కార్లు ఎందుకు తిప్పినావు బావా?"

"ఏదన్నా ఒక కారులో కనపడతాదేమో అనుకున్యా."

దుఃఖం తన్నుకొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. అవతల తోటలో ఎవరిదో మోటారు ఆడుతోంది. షోరూము అమ్మాయి దూరంగా వెళ్ళి ఫోను చూసుకుంటూ నిలబడింది. నాకు డ్రైవింగు లైసెన్సు ఉంది, ఆఫీసు స్నేహితురాళ్ళతో పోటీపడి నేర్చుకున్నదే. ఎవరూ నడపనివ్వలేదు గానీ, నడపడం రాక కాదు.

"ఇట్లా జరుగు. పొద్దున్నే నిన్ను పొలంలో దించి నేను రైలెక్కుతా. సాయంత్రం వచ్చి తీసకపోతా."

"రోజూనా మే?"

"రోజూ."

ఆయన దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ అటు పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. బెల్టు కోసం తడుముకోవడం మొదలుపెట్టాడు. అది ఆయన ఎడమ భుజం పక్కనే వేలాడుతోంది. నీ పక్కనే ఉంది కదా, కనపడలేదా అనబోయి నోరు మూసుకున్నాను. ఆయన మీదుగా వంగి, నేనే లాగి పెట్టాను.