గంజి పెట్టిన కారు

పామర్రులో మగ్గం నేసే వెంకటప్పయ్యకు గాలి మీద కోపం వచ్చింది. కారణం ఆయన పాతికేళ్ళ మారుతి కారు. లీటరుకు పదహారు కిలోమీటర్లు దాటి ఒక్క అడుగు వెయ్యనంటోంది.

"ఇరవై రెండన్నా ఇవ్వకపోతే పాత ఇనుముకి ఇచ్చేద్దాం నాన్నా," అని కొడుకు రాంబాబు తేల్చేశాడు.

ఆ కారు పోతే వెంకటప్పయ్య భార్య చౌడేశ్వరమ్మ ఇల్లు కదలలేదు. మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లెక్కలేదు, ఆటో కుదుపులు ఓర్చుకోలేదు. శుక్రవారం శుక్రవారం బెజవాడలో డాక్టరుకు చూపించుకునేది ఆ కారులో వెళ్ళే.

ఎదురుగాలి కారును వెనక్కి తోస్తుందని, అడుగున దూరిన గాలి పట్టుకుని లాగుతుందని వెంకటప్పయ్య ఫోనులో చూశాడు. ముందు జాలీకి అట్టముక్క బిగించాడు. చక్రాలకు స్టీలు కంచాలు తొడిగాడు. అవి చౌడేశ్వరమ్మ రెండు రోజులుగా వెతుకుతున్నవే. అడుగుభాగానికి మాత్రం పరాయి సరుకును నమ్మలేదు. మగ్గం మీద పడుగు దారాలు గట్టిపడటానికి పెట్టే బియ్యపు గంజిని తను నేసిన దుప్పటికి నాలుగు పూతలు పట్టించి ఎండబెట్టాడు. అది చెక్కలా బిగిశాక, పొగగొట్టం వదిలేసి కారు కింద కట్టాడు.

శుక్రవారం ట్యాంకు నింపి బయల్దేరారు.

"అద్దం ఎత్తెయ్యి. గాలి లోపలికొస్తే మైలేజి పోద్ది," అన్నాడు.

కారులో ఏసీ లేదు. అద్దం మూస్తే ఆమెకు కడుపులో తిప్పుతుంది. ఆ సంగతి నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషికి ఆ రోజు గుర్తు రాలేదు. ఆమె గుర్తు చేయలేదు.

ఉయ్యూరు దాటేసరికి చక్కెర మిల్లు వాసన కారులోనే ఉండిపోయింది. వెంకటప్పయ్య పక్కకు చూస్తే ఆమె చెమటతో తడిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"చెప్పొచ్చుగా!"

"కారు ఉండాలిగా అండీ."

ఆయనకు సిగ్గేసింది. బండి పక్కకు ఆపి అద్దాలన్నీ దించాడు. ఇక ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ట్యాంకు నింపించి చూస్తే లీటరుకు పదిహేడు.

ఇంటి ముందు కారు ఆగీ ఆగగానే పక్కింటి శౌరమ్మ గేదె గంజి వాసన పసిగట్టి కారు కిందికి తల దూర్చింది. రాంబాబు బయటికొచ్చాడు.

"ఎంతొచ్చింది నాన్నా?"

వెంకటప్పయ్య నోరు తెరిచేలోగా చౌడేశ్వరమ్మ అందుకుంది.

"ఇరవై మూడు."

ఊహ తెలిశాక ఆవిడ అబద్ధమాడి ఎరగదు. రాంబాబు దించి ఉన్న అద్దాలు చూశాడు, తల్లి తడిసిన కొంగు చూశాడు, దుప్పటి నములుతున్న గేదెను చూశాడు.

"నేనడిగింది ఇరవై రెండేగా అమ్మా. ఒకటి ఎక్కువే వచ్చింది," అని తల్లికి చెయ్యి అందించి దించాడు.