కల్లానికి తెరుచుకున్న పోర్ట్

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చదివిన పుస్తకాల గురించి నేను రాసుకున్నవన్నీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టాను. అది నడిచేది నా మంచం కింద, బ్యాటరీ చచ్చిన పాత లాప్‌టాప్‌లో. దాని చిరునామా ఇచ్చింది ఒక్కరికే. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పి, రిటైరై తాడేపల్లిలో ఉంటున్న టీచర్‌గారికి. ఆవిడ చదివి ఒక్క మాట అంటే చాలనుకున్నాను.

బయటివాళ్లు లాప్‌టాప్ దాకా రావాలంటే రౌటర్‌కి దారి చెప్పాలి. దాన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. లాప్‌టాప్‌ది ఐదు. ఎవరొచ్చినా ఐదుకి పంపమని రౌటర్‌లో రాసి, టీచర్‌గారికి మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ వచ్చింది.

"రోజూ చూస్తున్నానమ్మా. ఎంత సహజంగా ఉందో! ఆ ముసలావిడ ఉంది చూశావూ, అబ్బబ్బ!"

నేను రాసినవాటిలో ముసలావిడ ఎవరూ లేరు.

"ఏ ముసలావిడ టీచర్?"

"అదేనమ్మా, కాకుల్ని చెప్పుతో బెదిరిస్తుందే! ఎవరూ చూడకుండా మిర్చి టిక్కీ బస్తాల చాటుకెళ్లి బెల్లం తింటుంది. నిన్న కాయలు ఏరుతూ ఏరుతూ అక్కడే నిద్రపోయింది. మా ఆయన కూడా కాఫీ తెచ్చుకుని మరీ కూర్చుంటున్నారు."

ఆవిడ మా నాయనమ్మ. షుగరు మనిషి.

మబ్బేస్తే కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పడం నాన్న పని, ఇంట్లో ప్లగ్గులన్నీ పీకడం అమ్మ పని. నేను మెసేజ్ పెట్టిన సాయంత్రమే మబ్బేసింది. అది పోయాక అమ్మ ప్లగ్గులు పెట్టింది. రౌటర్ నంబర్లు మళ్లీ మొదటి నుంచి, ముందు లేచినవాళ్లకి ముందు అన్నట్టు పంచింది. నా లాప్‌టాప్ ఒళ్లు విరుచుకునేలోపే, కల్లంలో కాపలా కెమెరా లేచి ఐదో నంబరు తీసేసుకుంది. దానికి పాస్‌వర్డ్ కూడా లేదు. నేనేమో సైటును లాప్‌టాప్‌లోనే తెరిచి చూసుకుని, బాగానే ఉందని మురిసిపోయాను.

వెంటనే ఐదో నంబరు లాప్‌టాప్‌కే శాశ్వతంగా రాసిచ్చేశాను. కెమెరాకు పాస్‌వర్డ్ పెట్టాను. బెల్లం సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఎలా తెలిసిందంటారు.

తర్వాత రెండుసార్లు మబ్బేసింది, రెండుసార్లూ అమ్మ ప్లగ్గులు పీకింది. నంబరు మాత్రం కదల్లేదు. వారం తిరక్కుండా టీచర్‌గారు మళ్లీ ఫోన్ చేశారు. అన్నీ చదివారట. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"బాగా రాశావమ్మా. నిజంగా బాగా రాశావు," అన్నారు. "మా ఆయన అడగమంటున్నారు, ఆ ముసలావిడ మళ్లీ ఎప్పుడొస్తుంది?"