ఏటి ఇసుకలో వేసిన కంప

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మాకు సగం కాపురం ఏట్లోనే. మంత్రాలయానికి కాస్త ఎగువన, తుంగభద్ర ఒడ్డున మా ఊరు. వానాకాలంలో చూస్తే కళ్ళు తిరిగేటంత నీళ్ళతో పోయే ఏరు, పుష్యమాసం నాటికి ఒక పక్కకు సన్నటి పాయగా ఒదిగిపోయేది. మిగిలిందంతా ఇసుక. ఆ ఇసుకలో మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, కళింగర పాదులూ, అంటే పుచ్చకాయ పాదులూ, దోస పాదులూ పెట్టేది. ఈ గట్టున మేము ఆంధ్రా వాళ్ళం, ఆ గట్టున కన్నడ రాష్ట్రం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కాలేజీలో చదివే మా మనవరాలు మొన్న ఒక ప్రశ్న వేసింది. ప్రభుత్వమే లేని సమాజం ఉంటే అందులో దేశాలకు సరిహద్దులుండాలా వద్దా అని వాళ్ళకు చర్చ పెట్టారట. ఫోన్లోంచి ఏవేవో చదివి వినిపించింది. నేను అలాంటి చోట బతికినదాన్నేనే పిల్లా, అన్నాను. జోకు వేశాననుకుని నవ్వింది. ఆ చోటికి సరిహద్దు తెచ్చిపెట్టిన మహాతల్లిని కూడా నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

నిజంగానే ఆ ఇసుకకు పట్టా లేదు, అడిగే అధికారి లేడు. వరద తగ్గాక ఒకరోజు రెండు గట్ల వాళ్ళూ ఏట్లో కూడేవారు. ఎవరింట్లో పని చేసే చేతులు ఎన్నున్నాయో చూసి, దానికి తగ్గట్టు జాగా అనుకునేవారు. పోయినేడు ఇక్కడే పెట్టాను కాబట్టి ఇది నాది అనడానికి లేదు. పోయినేటి ఇసుకను వరద ఎప్పుడో తోసుకుపోయి ఉంటుంది కదా. గుంత తవ్వితే నీళ్ళూరేది, దాన్ని చెలమ అంటాం. తవ్విన వాళ్ళు ముందు తోడుకోవాలి, ఆ తర్వాత ఎవరు కడవ తెచ్చినా కాదనకూడదు. తగవులు లేవని కాదు. జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. కానీ మాట తప్పిన వాడి పాదులకు మరుసటి రోజు నుంచి పక్కవాళ్ళెవరూ కాపలా కాసేవారు కారు. రెండు రోజుల్లో వాడే దారికొచ్చేవాడు.

ఇంకొకటి కూడా ఉండేది. గొడ్లు దిగకుండా ఒడ్డు పొడుగునా అందరూ కలిసి ముళ్ళకంప వేసేవారు. అంతేగానీ ఇసుకలో ఒకరి పాదులకూ ఇంకొకరి పాదులకూ మధ్య ఎవరూ కంప వేసేవారు కారు. వేశారంటే నీకూ నాకూ ఇక మాటల్లేవు అని అర్థం. తెలిసీ తెలియని వయసు అని తప్పించుకోవచ్చు గానీ, నాకు ఈ సంగతి తెలుసు.

ఆ ఏడు నేను ఆరో తరగతి. పాయ ఆ గట్టును ఒరుసుకుని పారడంతో తడి ఇసుకంతా మా వైపే మిగిలింది. అందుకని ఆ గట్టున ఉండే ఒక అవ్వ పాయ దాటి వచ్చి మా పాదుల పక్కనే తన పాదులు పెట్టుకుంది. మొగుడు లేడు, కొడుకు లేడు, పోయిన కూతురి బిడ్డను సాకుతోంది. ఆ కాయలమ్మితేనే వాళ్ళకు ఏడాది జొన్నలు. తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడేది, మా జేజిని అక్కా అని పిలిచేది. చెలమ తవ్వింది ఆమే. అందులోంచే మేమూ తోడుకునేవాళ్ళం. పొద్దు వంగాక ఇద్దరూ కూర్చుని వక్కాకు నములుతూ లోకంలోని సంగతులన్నీ చెప్పుకునేవారు.

ఒంటిపూట బడి రోజుల్లో మా అయ్యవారు రాష్ట్రపటం గీయించారు. ఏటి మీదుగా పోయే సరిహద్దు గీతను క్లాసంతటిలోకీ నేనే చక్కగా గీశానని మెచ్చుకున్నారు. ఇంకేముంది, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ మధ్యాహ్నమే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడుగులు లెక్కపెట్టి, సగంలో పుల్ల గుచ్చాను. చూస్తే ఆ అవ్వ పాదులూ చెలమా అన్నీ మా రాష్ట్రంలోనే పడ్డాయి! పోయి ఆమెకు చెప్పాను, నువ్వు మా ఆంధ్రాలో ఉండావు, ఇది నీ జాగా కాదు అని. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, లేత దోసకాయ ఒకటి కోసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. తింటున్నంతసేపూ, నా చదువును చూసి నవ్వుతుందా అని లోపల ఉడికిపోతూనే ఉన్నాను.

రెండు రోజుల తర్వాత మా జేజికి జ్వరం తగిలింది. ఇంట్లో పడుకుంది. పాదుల కాపలా నా మీద పడింది. ఎండ మండిపోతున్న వేళ ఏట్లో నరపురుగు లేదు. ఒడ్డున మిగిలిన కంప ఈడ్చుకొచ్చి, ఆ అవ్వ పాదులకు అడ్డంగా, పాయ వైపు నుంచి ఆమె వచ్చే దారిలో వేశాను. చెలమను కాళ్ళతో చేతులతో ఇసుక తోసి పూడ్చేశాను. ఏదో దేశాన్ని కాపాడినంత పొంగిపోయాను. నా మొహం!

సాయంత్రం కడవ చంకన పెట్టుకుని ఆమె వచ్చింది. నేను మా కాపలా గుడిసెలో దూరి సందులోంచి చూస్తున్నాను. ఆమె కంప ముందు ఆగిపోయింది. దాన్ని కాలితో పక్కకు తొయ్యడానికి ఒక్క క్షణం పట్టదు. తొయ్యలేదు. మా గుడిసె వైపు తిరిగి "అక్కా" అని పిలిచింది. లోపల జేజి ఉందనుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. "అక్కా, ఏమైందక్కా?" అని ఇంకోసారి పిలిచింది. పలకలేదు నేను. చాలాసేపు నిలబడి, ఖాళీ కడవతోనే వెనక్కి పోయింది. శానా రోషం గల మనిషి. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

మూడు రోజులు నేను రోజూ ఆ పాదులను చూస్తూనే ఉన్నాను. మొదటి రోజు ఆకులు వాలాయి. రెండో రోజు పిందెలు ముడుచుకున్నాయి. చెలమ మళ్ళీ తవ్వి నాలుగు కడవలు పోసి ఉంటే బతికేవి. పోస్తే నేనే చేశానని తెలిసిపోతుందని భయం. మా పాదులకు మాత్రం పాయ దాకా నడిచి నీళ్ళు తెచ్చి పోసుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నాలుగో రోజు జ్వరం విడిచి జేజి కర్ర పట్టుకుని ఏట్లోకి దిగింది. ఎండిన తీగలనూ, కంపనూ, పూడిన చెలమనూ చూసింది. ఎవరు వేశారని అడిగింది. తెలీదన్నాను. జేజి నా చేతుల వైపు చూసింది. ముళ్ళు గీరుకున్న చారలు ఇంకా మానలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ఓపిక లేని మనిషి తనే ఆ కంపంతా లాగి పారేసింది, చెలమ తోడింది, పదమంది. పాయ దాటి ఆ గట్టు ఎక్కాక, ఊళ్ళోకి పోబోయే ముందు ఒకచోట ఆగి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను ఏమైనా చెప్తానేమోనని ఆగింది. నేను తల వంచుకుని నా కాలివేళ్ళు చూసుకున్నాను.

ఆ అవ్వ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, రమ్మనలేదు. మా జేజి ఆమె ముందు నిలబడి, "కంప ఏసింది నేనేనమ్మా. తప్పు నాది" అంది. ఆమె చేతిలో చేట ఆగిపోయింది. "నువ్వా అక్కా? జరంలో మతి ల్యాక ఏసినావా?" అని అడిగింది. తప్పించుకోవడానికి ఆమే దారి చూపిస్తోంది. మా జేజి ఆ దారి కూడా పట్టలేదు. మతి ఉండే వేశానంది. మా పాదుల్లో సగం ఇక నీవి, వచ్చి నీళ్ళు పోసుకో, అంది. జేజి కొంగు పట్టుకుని వెనకాల నిలబడిన నేను ఆ ఒక్క మాట, నేనే వేశానని, అనలేకపోయాను.

తిరిగి వస్తుంటే ఏడుపు ఆగక, అట్లెందుకు చెప్పినావు జేజీ అని అడిగాను. ఇసుకలో నడుస్తూనే చెప్పింది. "చిన్నబిడ్డ ఏసిందంటే ఆ యమ్మ ఏం చేయాల? పోనీలే, పిల్ల గదా అని నగి ఊరుకోవాల. మరి ఎండిన పాదులు యాడ నుంచి వస్తాయి? పెద్దదాన్ని నేను ఏసినానంటే అడగడానికి ఆ యమ్మకొక మనిషి ఉండాది. ఈడ పోలీసుండాడా, కోర్టుండాదా? ఎవురో ఒగరు తప్పు నాది అని నిలబడాల. ల్యాకుంటే ఈ ఇసకలో ఒగ పూట గూడా బతకలేము."

మనవరాలి ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. మా ఇసుకలో కూడా హద్దులుండేవి, ఎవరి పాదు ఎవరిదో అందరికీ తెలుసు. అవి మనిషిని ఆపే హద్దులు కావు, పనిని పంచుకునే హద్దులు. వరద వస్తే వాటిని పట్టుకుని ఎవరూ ఏడ్చేవారు కారు. మనిషిని ఆపే గీత లేకుండా బతకొచ్చు, మేము బతికాం. కాకపోతే అలా బతకాలంటే మా జేజి లాంటి వాళ్ళు కావాలి, నాలాంటి వాళ్ళు ఒక్కరున్నా చెడిపోతుంది. నాలుగు నెలలు, నలభై ఇళ్ళ వాళ్ళం చేసిన పని దేశాలు దేశాలే చేయగలవా అంటే నాకు తెలియదు.

ఆ అవ్వ సగం పాదులు తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది, ఇంట్లో పసిబిడ్డ. కానీ మా జేజితో మళ్ళీ మాట్లాడలేదు. మరుసటేడు జాగాలు అనుకునే రోజున ఎక్కడో ఎగువకు, మా కంటికి ఆననంత దూరం పోయి పెట్టుకుంది. పొద్దు వంగాక జేజి ఒక్కతే కూర్చుని వక్కాకు నమిలేది. నేను చేశానని జేజి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. అలాగే పోయింది.

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికి ఆ గట్టు ఊరికి వెళ్ళాను. ఇప్పుడు వంతెన ఉంది, ఆటోలో పది నిమిషాలు. తాంబూలాలిస్తున్న ఒకామె, నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది, మాది ఏ ఊరని అడిగింది. చెప్పగానే, మీ ఊరి ముసలామె ఒకతె మా అవ్వకు ఏట్లో కంప వేసిందటమ్మా, అని నవ్వుతూ అందుకుంది. ఆ రోజుల్లో ఆ అవ్వ సాకిన పసిబిడ్డ ఈమేనని అర్థమైంది. అందరూ వింటుండగానే, వేసింది మా జేజి కాదమ్మా, నేను, అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆమెకు కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. తాంబూలాల పళ్ళెం పక్కన పెట్టి, "కంప ఏసిన మనిషి సగం పాదులు ఎందుకిచ్చిందో మా అవ్వకు పోయేదాకా అర్థం కాలేదమ్మా. పక్క మింద పడినాక గూడా అదే అడుగుతా ఉండె" అంది.

ఆ అవ్వ పోయేదాకా అడుగుతూ ఉన్నది ఒక్క మాట. దానికి జవాబు నా దగ్గరే ఉంది. అన్నేళ్ళూ నేను ఆ ఏటి ఒడ్డునే ఉన్నాను, దాటి పోయి చెప్పలేదు.